మా తాత లెక్కల పుస్తకం



"పాతకాలపు మర్యాద, పొదుపు" అనే విషయంపై నన్ను నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు పది రోజుల క్రితం మా ఆఫీసుకు వచ్చి అడిగారు. నేను తెల్లబోయాను. పాతకాలాన్ని గురించి చెప్పవలసినవాడు పాతకాలంలో పుట్టి ఉండాలి గదా! నాకింకా నలభై నిండలేదు. చదువంటారా, మెట్రిక్ దాటలేదు. ఆ మాటే వారితో మనవి చేశాను. "నువ్వు పార్సెల్ ఆఫీసులో తూకం వేసేవాడివి గదటయ్యా! పాతదాన్నీ కొత్తదాన్నీ కాటా ఎక్కించి బరువు చెప్పు, అదే ఉపన్యాసం" అన్నారు. తప్పించుకోవడానికి వీల్లేకపోయింది. అయితే ముందుగా ఒక విన్నపం. కాటా దగ్గర నిలబడేవాడికి సరుకు మీద మమకారం ఉండకూడదు. నాకేమో మా తాత మీదా, అవ్వ మీదా మమకారం ఉన్నది. అంచేత నా తూకంలో అక్కడక్కడ తేడా వస్తే పెద్దలు సర్దుకోవాలి.

ఈ షోలాపూరులో ఉన్న మనలో చాలామంది తాతముత్తాతలు కరీంనగరం, నల్లగొండ, వరంగల్లు, పాలమూరు పక్కల పల్లెలనుంచి మగ్గం పని వెతుక్కుంటూ వచ్చినవారే. వారు వచ్చేటప్పుడు మూటల్లో ఏం తెచ్చుకున్నారో నేను చూడలేదు. కాని నోట్లో ఏం తెచ్చుకున్నారో మా అవ్వ దగ్గర విన్నాను. మొదట ఆ సంగతి చెబుతాను.

మా అవ్వకు చదువు లేదు. వేలిముద్ర వేసేది. కాని ఇంట్లో ఏ మాట అనవచ్చు, ఏ మాట అనరాదు అన్నదానికి ఆమె దగ్గర పెద్ద చట్టమే ఉండేది. డబ్బాలో జొన్నలు అయిపోతే "అయిపోయినై" అనరాదు, "నిండుకున్నై" అనాలి. దీపం ఆరిపోయిందనరాదు, కొండెక్కిందనాలి. గాజు పగిలితే పగిలిందనరాదు, పెరిగిందనాలి. గడప దాటుతూ ఎవరైనా "పోత" అన్నారా, వెనక్కి పిలిచి, కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, "పోయొస్త" అనిపించి మరీ పంపేది. చిన్నప్పుడు నాకిది వింతగా తోచేది. ఉత్త డబ్బాను పట్టుకుని నిండుకుందనడం అబద్ధం గదా అని ఒకనాడు అడిగాను. "లేదు అన్న మాట ఇంట్ల తిరుగుతె అది ఇల్లు మరుగుతది బిడ్డా" అన్నది. అప్పుడు నాకు బోధపడలేదు. ఇప్పుడు పూర్తిగా బోధపడిందని కూడా చెప్పలేను. కాని ఆ ఇంట్లో ఎన్నోసార్లు జొన్నలు నిండుకున్నా, లేమి అనేది మనిషి ముఖంలోకి రాలేదు. దానికి ఈ మాటలు కొంత అడ్డు నిలిచాయని నా నమ్మకం.

మన ఇరుగుపొరుగు మరాఠీవారి మర్యాద కూడా ఇలాంటిదే. సెలవు తీసుకునేటప్పుడు వారు "జాతో" అనరు, "యేతో" అంటారు, అనగా వస్తానని. వారి ఇళ్ళలో కూడా గాజు పగలదు, పెరుగుతుంది. మన ఉగాదీ వారి గుడి పాడ్వా ఒకే నాడు వస్తున్నాయి. మనం వేపపువ్వు పచ్చడి తాగుతుంటే వారు వేపాకూ బెల్లమూ నోట వేసుకుంటున్నారు. ఇన్ని కలిసినచోట మాట మర్యాద కలవడంలో ఆశ్చర్యమేమున్నది! మొన్న మా అబ్బాయి, ఎనిమిదేళ్ళవాడు, ఫ్రిజ్ తలుపు తెరిచి "అమ్మా, పాలు ఖతం!" అని వీధిలోకి వినబడేట్టు కేకేశాడు. అవ్వ ఉంటే ఆ పూట వాడికి పాలు కాదు, పెద్ద పాఠమే దొరికేది.

ఇక చేతి మర్యాద. పక్కింటికి చక్కెర బదులుకు వెళితే గిన్నె అంచుకు సరిగా కొలిచి తెచ్చుకునేవారు. తిరిగి ఇచ్చేటప్పుడు మాత్రం గోపురం పోసి ఇచ్చేవారు. ఆ గోపురాన్ని ఎవరైనా వడ్డీ అంటే మా అవ్వకు కోపం వచ్చేది. పొరుగింటివారు ఏదైనా పెట్టి పంపిన గిన్నెను ఉత్తగా తిరిగి పంపరాదు. ఏమీ లేకపోతే ఒక పలుకు బెల్లమైనా అందులో వేయాలి. ఇందువల్ల మా వాడకట్టులో గిన్నెలు ఎప్పుడూ ప్రయాణంలోనే ఉండేవి. ఏ గిన్నె ఎవరిదో తెలియడానికి అడుగున పేరు కొట్టించుకునేవారు. ఇప్పటికీ మా ఇంట్లో ఉన్న ఒక ఇత్తడి గిన్నె అడుగున మరాఠీలో ఎవరిదో పేరు ఉన్నది. ఆ ఇంటివారు ఊరు విడిచి చాలా కాలమైంది. గిన్నె మా దగ్గర ఆగిపోయింది. అందులో ఏం వేసి ఎక్కడికి పంపాలో తెలియక మా అమ్మ దాన్ని అటక మీద పెట్టింది.

నీళ్ళ మాట ఎత్తకుండా మన ఊరి పొదుపు చెప్పడం కుదరదు. డబ్బును నీళ్ళలా ఖర్చు పెట్టాడని తెలుగులో ఒక పలుకుబడి ఉన్నది. ఆ మాట పుట్టించినవాడు గోదావరి ఒడ్డున పుట్టి ఉండాలి. షోలాపూరువాడైతే "నీళ్ళను డబ్బులా ఖర్చు పెట్టాడు" అని మెచ్చుకుని ఉండేవాడు. భీమానది మీద ఉజని ఆనకట్ట వచ్చాక కూడా మన ఇళ్ళకు రోజూ నల్లా రాదన్నది ఈ సభలో ఎవరికీ కొత్త సంగతి కాదు. మా అవ్వ ఒక్క బిందె నీటిని మూడు పనులకు తిప్పేది. గింజలు కడిగిన నీళ్ళు మేకకు, స్నానం చేసిన నీళ్ళు కరివేప చెట్టుకు, గిన్నెలు తొలిచిన నీళ్ళు వాకిట చల్లడానికి. మేము ముఖం కడుక్కుంటుంటే పక్కన నిలబడి చెంబులు లెక్కపెట్టేది. అంత గట్టి మనిషి గదా, దారినపోయేవాడు దాహమని వాకిట నిలబడితే మాత్రం నిండు చెంబు, తొణికేట్టు, రెండు చేతులతో ఇచ్చేది. వాడు సగం తాగి సగం కాళ్ళ మీద పోసుకున్నా ఒక్క మాట అనేది కాదు. మేము అలా పోసుకుంటే వీపు చిట్లేది!

నాకు తెలిసినంతలో పాతకాలపు పొదుపు ఇదే. కొలత ఇంట్లోవారికి, నిండు చెంబు బయటివారికి. కొలిచింది ఎందుకంటే, ఎవరైనా వచ్చిననాడు కొలవకుండా ఇవ్వడానికి. పిసినారికీ పొదుపరికీ చిట్టా చూస్తే తేడా తెలియదు. ఇద్దరూ పైసా పైసా రాసుకుంటారు. వాకిట్లో మనిషి నిలబడ్డప్పుడు తెలుస్తుంది.

ఇక తాత విషయానికి వస్తాను. మా తాత మిల్లులో సాంచా మీద పనిచేసేవాడు. 1949 ఆగస్టులో ఊళ్ళోని ఒక పెద్ద మిల్లు మూతపడింది. 1950 జనవరిలో కేంద్ర ప్రభుత్వం దానికోసం ప్రత్యేకంగా ఒక ఆర్డినెన్సు తెచ్చి, వేరే డైరెక్టర్లను నియమించి మిల్లును తన అజమాయిషీలోకి తీసుకున్నది. ఆ వ్యవహారం సుప్రీంకోర్టుదాకా పోయి 1950 డిసెంబరులో తీర్పు వచ్చింది. లా చదివే పిల్లలు ఆ కేసు ఇప్పటికీ చదువుతారట. మా ఇంట్లో చదివినవారు లేరు గాని, ఆ నెలలు ఎలా గడిచాయో అవ్వ కథలాగా చెప్పేది. తాతకు అప్పుడు పాతికేళ్ళు. పెళ్ళయి రెండేళ్ళు. పనిలేదు. ఆ రోజుల్లో ఆయన ఒక పొడుగాటి ఎర్ర అట్ట పుస్తకం కొన్నాడు. తినడానికి లేనినాడు పుస్తకం కొనడమేమిటని అవ్వ పోట్లాడిందట. "బాకీ నోటితో ఉంటె మరిచిపోత. మరిచిపోతె మనిషిని గాను" అన్నాడట.

ఆ పుస్తకాన్ని నేను చూశాను. పెన్సిలు రాత. కిరాణా సేటుకు ఇంత, కట్టెల అడితికి ఇంత అని రూపాయలు అణాలు. ఒకచోట "పక్కింటి పెద్దమ్మ, జొన్నలు 2 సేర్లు" అని ఉన్నది. దాని ఎదురుగా మరో ఏడాది తారీఖు వేసి, "ఇచ్చినది 2 సేర్లు, ఒక పిడికెడు" అని రాసి అడ్డగీత కొట్టాడు. ఆ పిడికెడు కూడా రాసుకున్న మనిషి!

అన్నిటికంటె చివర తీరిన బాకీ పది అణాలు. పక్క సాంచా మీద పనిచేసే స్నేహితుడు ఇచ్చినది. ఆయన ఆ తర్వాత కుటుంబంతో సహా భివండీ వెళ్ళిపోయాడు. తాత ఆ పద్దు కింద గీత కొట్టకుండా ఎనిమిదేళ్ళు ఉంచాడు. 1958 సంక్రాంతికి సిద్ధేశ్వరుని గడ్డ జాతర చూడడానికి ఆ స్నేహితుడు వచ్చాడు. ఈలోగా 1957 ఏప్రిల్ ఒకటిన అణాలు పోయి నయా పైసలు వచ్చినవి. పది అణాలంటే అరవై రెండున్నర నయా పైసలు. అర పైస ఎక్కడ దొరుకుతుంది? తాత అరవై మూడు లెక్కపెట్టి చేతిలో పెట్టాడు. స్నేహితుడు "అరవై రెండు చాలు" అన్నాడు. "నీ అర పైస నా దగ్గర ఉంటె నాకు నిద్రరాదు" అన్నాడు తాత. "మరి నీ అర పైస నా దగ్గర ఉంటె నాకు వస్తదా?" అన్నాడు ఆయన. ఇద్దరూ కాసేపు వాదించుకున్నారు. చివరకు ఆ స్నేహితుడు సరేనని తీసుకుని బయటికి వెళ్ళి, ఆ పైసలన్నీ పెట్టి మా నాన్నకు, అనగా అప్పటికి ఇంకా తొట్టెలలో ఉన్న పిల్లవాడికి, అరటిపండ్లూ పుట్నాలూ పట్టుకొచ్చాడు. పిల్లలున్న ఇంటికి ఉత్త చేతులతో వచ్చానని అప్పటిదాకా ఆయనకు సిగ్గుగా ఉన్నదట. "పైసలు మన ఇంటికే మళ్ళొచ్చినై, బాకీ మాత్రం పోయింది" అని అవ్వ ఈ కథ చెప్పినప్పుడల్లా నవ్వేది. తొట్టెలలోని పిల్లవాడు అరటిపండ్లు ఏం తిన్నాడని మేము అడిగితే, "నేను తిన్న" అనేది.

ఇదంతా తాతలనాటి మాట, ఇప్పుడెవరున్నారంటారేమో. 2014 ప్రాంతాన నా అనుభవం ఒకటి మనవి చేస్తాను. అప్పుడు నేను గుమాస్తాగా కొత్త. వే బిల్లులు చేతితోనే రాసేవాళ్ళం. ఒక పెద్దాయన, ధోతీ, నెత్తిన తెల్ల టోపీ, తువ్వాళ్ళ బేలు బుక్ చేయడానికి వచ్చారు. నేను రేటు పట్టికలో ఒక గడి పైన చూసి ముప్పై ఎనిమిది రూపాయలు తక్కువ వసూలు చేశాను. అలా తక్కువ పడిన సొమ్ము చివరకు గుమాస్తా నెత్తిమీదికే వస్తుందని రైల్వేవారికి చెప్పనక్కరలేదు. నాకా సంగతి తెలియనే లేదు. మర్నాడు ఉదయం ఆ పెద్దాయన మళ్ళీ వచ్చారు. ఇంటికి పోయి పాత బిల్లుతో సరిచూసుకున్నారట. ముప్పై ఎనిమిది రూపాయలు బల్లమీద పెట్టారు. "కాకా, రిక్షాకు ఎంతయింది?" అని అడిగాను. నలభై అన్నారు. "మరి ఎందుకు శ్రమపడ్డారు?" అన్నాను. "రిక్షా పైసలు నావి నాయనా. ఇవి నావి గావు గదా" అన్నారు.

ఆ ముందునాడు ఆయనను దాదాపు గంటసేపు నిలబెట్టాను. పక్కన ఉత్త కుర్చీ ఉన్నది. కూర్చోండి అనలేదు. అంత పనేమీ లేదు కూడా. ఫోను చూసుకుంటున్నాను. ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఆ తర్వాత ఎవరు వచ్చినా ముందు కుర్చీ చూపడం నేర్చుకున్నాను. ఉన్నది ఒకటే కుర్చీ, అది వేరే మాట.

ఉత్తరాల మర్యాద గురించి చెప్పమని మా మిత్రుడొకరు చీటీ పంపారు. చాలాసేపు తీసుకోను. ఈ తరం పిల్లలకు తెలియదు గాని, కార్డు ముక్క మీద కూడా ముందు "ఉభయకుశలోపరి" అని రాసి, ఇంట్లో ప్రతివారినీ పేరు పేరునా అడిగి, ఆపైనే పని సంగతికి వచ్చేవారు. శుభవార్త అయితే మూలలకు పసుపు. చావు కబురు కార్డును గడప లోపలికి తేకుండా వాకిట్లోనే చదివి చింపేసేవారు. మా తాత కార్డు రాస్తే అంచుల్లోకూడా రాసేవాడు. చిరునామా చోటు తప్ప తెల్లగా ఏమీ మిగిలేది కాదు. ఇచ్చిన పైసకు పూర్తిగా రాసుకోవాలి గదా! 2013 జూలైలో తంతివార్తలు నిలిచిపోయినప్పుడు మా ఆఫీసులో ముసలి గుమాస్తా ఒకాయన ఆ పూట భోజనం చేయలేదు. నాకైతే అంత బాధ కలగలేదు. ఫోనులో మాట మంచిదే. మా మేనమామ ముఖం రోజూ కనబడుతున్నది. ఉత్తరమైతే ఏడాదికి రెండు.

నేనింతవరకు కాటాలో ఒక పళ్ళెమే చూపాను. రెండోది చూపకపోతే తూకం దొంగతూకమవుతుంది.

మా వాకిట్లో నిండు చెంబు సంగతి చెప్పాను. ఆ పక్కనే గోడకు బయట ఒక గూడు ఉండేది. ఆ గూట్లో ఒక సత్తు గ్లాసు బోర్లించి ఉండేదట. అది కొందరికి మాత్రమే. వారికి నీళ్ళు పైనుంచి పోసేవారు. నేను పుట్టేనాటికి అది లేదు. అవ్వే చెప్పింది, చెబుతూ తల దించుకున్నది. 1950లో రాజ్యాంగం అంటరానితనాన్ని రద్దు చేసింది, 1955లో దాన్ని శిక్షించే చట్టం వచ్చింది. మా గూట్లోంచి ఆ గ్లాసు పోవడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది. అర పైసకు నిద్రరాని మా తాతకు ఆ గ్లాసు ఉండగా నిద్ర ఎలా వచ్చిందో నేను ఆలోచించినకొద్దీ అర్థం కాదు. పాతకాలపు మర్యాద అనేటప్పుడు ఆ మర్యాద ఎవరెవరికి అని అడగకుండా పొగడడం నా చేత కాదు. పెద్దలు క్షమించాలి.

రెండో సంగతి మా ఇంటి ఆడవాళ్ళది. పొదుపు పొదుపని మగవాళ్ళం ఉపన్యాసాలిస్తాము. ఆ పొదుపు ఎవరి కడుపులోంచి వచ్చిందో అడగము. అవ్వ అందరికంటె చివర తినేది. చివరికి ఏది మిగిలితే అది, రొట్టె మిగిలితే రొట్టె, పల్లీల పొడి మిగిలితే పొడి. చుట్టం వచ్చిననాడు ఏదీ మిగిలేది కాదు. "ఆకలి లేదు" అనేది. చూశారా, అన్నిటికీ "లేదు" అనరాదని చెప్పిన మనిషి, ఆకలికి మాత్రం లేదనేది!

మా అమ్మ బీడీలు చుట్టేది. ఈ ఊళ్ళో మన ఆడవాళ్ళ పని అది. ఒళ్ళో చాట, కత్తెర, తునికాకు, తంబాకు. ఆకు కత్తిరిస్తే మిగిలిన ముక్కలు పొయ్యి రాజేయడానికి. దారం ముక్క కూడా పారేసేది కాదు. మా అక్క నాకంటె మూడేళ్ళు పెద్ద. తెలుగు బడిలో ఏడో తరగతి చదువుతున్నది. నాకంటె ఎన్నో రెట్లు తెలివైనది. ఎక్కాలు ఇరవైదాకా వెనకనుంచి చెప్పేది. 1998లో తాతకు ఆపరేషను అయింది. ఇల్లు తాకట్టు పడింది. నాన్న రైల్వేలో గ్యాంగ్‌మన్, ఆ జీతం అప్పుకు సరిపోదు. ఇద్దరిలో ఒకరి చదువు ఆపితే గాని ఇల్లు గడవదని పెద్దలు లెక్క వేశారు. ఎవరిది ఆపాలని ఎవరూ ఎవరినీ అడగలేదు. మర్నాటినుంచి అక్క అమ్మ పక్కన చాట పెట్టుకుని కూర్చున్నది. నేను బడికి పోయాను. పోనీ నేనేమన్నా వెలగబెట్టానా అంటే, మెట్రిక్ గట్టెక్కడమే గగనమైంది. 2009లో నాన్న సర్వీసులో ఉండగానే పోయాడు. ఆ ఉద్యోగం నాకు వచ్చింది, మొదట ఖలాసీగా. తర్వాత డిపార్టుమెంటు పరీక్ష రాసి గుమాస్తానయ్యాను. ఆ పరీక్షకు లెక్కలు నాకు నేర్పింది ఎవరనుకున్నారు? బీడీలు చుడుతూ అక్కే.

ఇక నా సొంత పొదుపు సంగతి కూడా చెప్పితే ముచ్చట పూర్తవుతుంది. మా అబ్బాయి పుట్టువెంట్రుకలకు రెండు లక్షలు లోను తీశాను. ముప్పై ఆరు వాయిదాలు. హాలు, క్యాటరింగు, చౌరస్తాలో నా ముఖంతో నిలువెత్తు ఫ్లెక్సీ. "ఇంత ఎవరికి చూపెడుతున్నవురా?" అన్నది అమ్మ. మాట వినలేదు. పాత రోజుల్లో కూడా పెళ్ళిళ్ళకు అప్పులు చేసి చితికినవారు లేకపోలేదు, అది నాకూ తెలుసు. కాని అప్పుడు శుభకార్యం అంటే వాడకట్టంతా వచ్చి ఉల్లిగడ్డలు కోసేది. ఆ రోజు తెల్లవారుజామునే మా అక్క అలవాటు కొద్దీ కొంగు బిగించి హాలు వెనక వంటచోటికి వెళ్ళింది. క్యాటరింగు పిల్లలు "మీరెందుకమ్మా, పోయి కూర్చోండి" అన్నారు. ఆమె వచ్చి ఒక మూల ప్లాస్టిక్ కుర్చీలో పనిలేని చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నది. సాయంత్రం మిగిలిన అన్నం పెద్ద తపేలాలతో పారబోశారు. మా అమ్మ అటు చూడలేక లోపలికి వెళ్ళిపోయింది. ఆ ముప్పై ఆరు వాయిదాలలో ఒక్కొక్కటీ కడుతున్నప్పుడు నాకు ఆ తపేలాలే కనబడేవి. ఆ లోను తీరి కొన్నేళ్ళయింది. తర్వాత నెలనెలా కొంత వెనకేస్తూ వచ్చాను. ఈ సంవత్సరం కారు కొందామని, దానికి మొదటి సొమ్ముగా.

మొన్న సంక్రాంతికి నాన్న సర్వీసు కాగితాలకోసం పాత ట్రంకుపెట్టె దింపాను. అడుగున తాత పుస్తకాలు ఏడు దొరికాయి. మొదటిది ఆ 1949 నాటిది. చివరిదాన్ని ఎప్పుడూ విప్పి చూడలేదు. విప్పాను. 1998 పద్దులు. చేయి వణికిన రాత. ఎడమ పక్క జమ, కుడి పక్క ఖర్చు, బాకీలు. జమ పక్కన వారం వారం ఒక పద్దు కనబడింది: "చిన్నదాని బీడీలు, 60." "చిన్నదాని బీడీలు, 65." "చిన్నదాని బీడీలు, 62." ఇలా పేజీల కొద్దీ. నేను బాకీల పక్క కూడా పూర్తిగా వెతికాను. పిడికెడు జొన్నలు రాసుకున్న మనిషి గదా, ఎక్కడో ఒకచోట రాసి ఉంటాడనుకున్నాను. సేటుకు, డాక్టరుకు, తాకట్టుకు అన్నీ ఉన్నాయి. అక్క చదువు ఎక్కడా లేదు. ఆమె ఇచ్చింది జమలో పడింది గాని, అది ఎవరికైనా తీర్చవలసిన బాకీ అని ఆ ఇంట్లో ఎవరికీ తోచలేదు. నాకూ ఇన్నేళ్ళూ తోచలేదు. తాతను ఎలా అనను?

ఆ పుస్తకంలో వెనక కొన్ని తెల్లకాగితాలు మిగిలాయి. ఒకదానిమీద అక్క పేరు రాశాను. ఎదురుగా ఎంత అని వేయాలో తెలియలేదు. వారానికి అరవై చొప్పున కట్టాలా, ఏడో తరగతినుంచి ఎంతవరకు చదివేదో అంతవరకు కట్టాలా? పార్సెల్ రేటు పట్టికలో దీనికి గడి లేదు. అంకె వేసేచోట అలాగే వదిలేశాను.

మా అక్క కూతురు ఈ మార్చిలోనే పదో తరగతి పరీక్ష రాసింది. పాలిటెక్నిక్‌లో చేరతానంటున్నది. బావ సాంచాల మీద పని, అక్క ఇప్పటికీ బీడీలే. "చూద్దాం, ఆడపిల్ల గదా" అని బావ అంటున్నాడని మా ఆవిడ చెప్పింది. చెప్పి, "కారు మనకు ఇప్పుడే కావాలా?" అని కూడా అడిగింది. ఇంతవరకు ఆ మాట నేనే అన్నట్టు మీకు చెబుదామనుకున్నాను గాని, ఆమె ఎదురుగా కూర్చుని ఉన్నది.

పోయిన ఆదివారం ఆ పుస్తకం పట్టుకుని అక్క ఇంటికి వెళ్ళాను. పేజీ చూపించాను. ఆమె చాట పక్కనపెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుని, కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చదివింది. జమ పద్దులు కూడా చదివింది. "ఈ వారం అరవై రెండు గాదు, అరవై నాలుగు. తాత తప్పు రాసిండు" అన్నది. తర్వాత చాలాసేపు ఏమీ అనలేదు. నేను ఏదో పెద్ద మాటలు చెప్పబోయాను. "రాసుడు గీసుడు ఎందుకురా తమ్మీ? బాకీ ఎంతో నీకు లెక్కకు రాదు, నీ లెక్కలు నాకెరుకనే. పిల్ల ఫీజు కట్టు. రశీదు తెచ్చి నాకియ్యి" అన్నది.

ఫీజు వానాకాలం మొదట్లో కట్టాలట. కారుకని దాచిన సొమ్ము అప్పటికి నిండుకుంటుంది.

 పచ్చడి చల్లారదు గాని భోజనాలు చల్లారుతున్నాయని కార్యదర్శిగారు సైగ చేస్తున్నారు. వెళ్ళొస్తాను.